టెక్సస్‌లో ఎల్వీఎన్ లైసెన్స్ గురించి అడిగారు కదా

మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది, నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. ఇర్వింగ్‌లో ఉంటున్నారు. గుంటూరులో బీకాం చదివారు, మీవారి ఉద్యోగ వీసాతోపాటు ఇచ్చే హెచ్4 మీద వచ్చారు, ఇప్పుడు పనిచేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు చేతిలో ఉంది, పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. ఎల్వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్) కోర్సు చేస్తే ఏడాదిలో ఉద్యోగం గ్యారంటీ అని అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ చెప్పారు. లైసెన్స్ వచ్చాక ఏ చిన్న తప్పు చేసినా పీకేస్తారు, ఆ టెన్షన్ మనకెందుకని ఇంకొకావిడ భయపెట్టారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన మీ అక్కకు కూడా ఇదే దారా అని.

నేను పన్నెండేళ్ళ పైబడి డాలస్ చుట్టుపక్కలే ఎల్వీఎన్‌గా పనిచేస్తున్నాను. ముందు నర్సింగ్ హోమ్‌లో, తర్వాత హోమ్ హెల్త్‌లో, ఇప్పుడు ఒక క్లినిక్‌లో. ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు.

ముందు మాటల సంగతి. టెక్సస్‌లోను, కాలిఫోర్నియాలోను దీన్ని ఎల్వీఎన్ అంటారు, మిగతా రాష్ట్రాల్లో ఎల్పీఎన్, అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్. పేరు వేరు గాని రాసే పరీక్ష ఒకటే. ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు, మనకంటే పై మెట్టు) కింద, లేదా డాక్టరు, నర్స్ ప్రాక్టీషనర్ లాంటివాళ్ళ పర్యవేక్షణలో పనిచేస్తాం. మందులు ఇస్తాం, ఇంజెక్షన్లు చేస్తాం, కట్లు మారుస్తాం, షుగరు చూస్తాం, కేథటర్లు పెడతాం, పేషెంటులో ఏ మార్పు వచ్చినా పైవాళ్ళకు చెప్తాం. కొత్త పేషెంటును తల నుంచి కాలి దాకా పూర్తిగా పరీక్షించి కేర్ ప్లాన్ మొదలుపెట్టడం మాత్రం ఆర్ఎన్ పని. మనది ఫోకస్డ్ అసెస్‌మెంట్, అంటే ఎదురుగా ఉన్న సమస్య వరకే. ఈ గీత ఎక్కడుందో తెలియక దాటినవాళ్ళకే చాలా చిక్కులు వస్తాయి.

"ఉద్యోగం గ్యారంటీ" అన్న మాటకు ఒక షరతు ఉంది. పెద్ద ఆస్పత్రుల్లో ఎల్వీఎన్‌లకు చోటు బాగా తగ్గిపోయింది. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది నర్సింగ్ హోముల్లో, హోమ్ హెల్త్‌లో, ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకు పెట్టిన గొట్టం) ఉన్న పిల్లలను ఇంట్లో చూసుకునే ప్రైవేట్ డ్యూటీలో, క్లినిక్కుల్లో, జైళ్ళలో. మనూళ్ళో నర్సింగ్ హోమ్ అంటే డాక్టరు గారు పెట్టుకున్న పది మంచాల ఆస్పత్రి. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే పెద్దవయసువాళ్ళు ఉండే చోటు. ఒక్కో షిఫ్టులో ఇరవై, ముప్ఫై మందికి మందులు మీరే ఇవ్వాలి. మా అమ్మకు ఫోన్‌లో మొదటిసారి "నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం" అని చెప్తే, "డాక్టరు గారు మంచివారేనా" అని అడిగింది. డాక్టరును వారానికోసారి చూస్తే గొప్ప అని ఎలా చెప్పను!

రెండేళ్ళు ఆగగలిగితే, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేకపోతే, నేరుగా కమ్యూనిటీ కాలేజీలో ఆర్ఎన్ చదవండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను. జీతంలోను, అవకాశాల్లోను తేడా ఉంటుంది. నర్సింగ్ ద్వారా గ్రీన్ కార్డు అని ఎవరైనా ఆశపెడితే అది కూడా ఆర్ఎన్‌ల సంగతే. గ్రీన్ కార్డు దారిలో ఒక మెట్టు తగ్గించే షెడ్యూల్ ఏ అనే వెసులుబాటు ఆర్ఎన్‌లకు ఉంది, ఎల్వీఎన్‌లకు లేదు. ఏడాదిలో సంపాదన మొదలవ్వాలి, తర్వాత మెల్లగా బ్రిడ్జ్ కోర్సు చేసి ఆర్ఎన్ అవుతాను అనుకునేవాళ్ళకు ఎల్వీఎన్ మంచి దారి. నేను ఆ దారినే మొదలుపెట్టాను. బ్రిడ్జ్ మాత్రం ఇంకా దాటలేదు, అది వేరే కథ.

స్కూలు ఎంచుకునేటప్పుడు ఒక్క పని మర్చిపోకండి. లైసెన్సులిచ్చే టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న వొకేషనల్ నర్సింగ్ ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. ఒక్కో స్కూల్లో మొదటిసారి రాసినవాళ్ళలో ఎంతమంది ఎన్‌క్లెక్స్ (లైసెన్స్ పరీక్ష) పాసయ్యారో కూడా అక్కడే ఉంటుంది. పాస్ శాతం 80కి తగ్గితే బోర్డు ఆ స్కూలును ప్రశ్నిస్తుంది. అందుకని ముందు ఆ అంకె చూడండి, బిల్డింగు తర్వాత చూడొచ్చు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2023 జనవరిలో ఫెడరల్ అధికారులు ఫ్లోరిడాలో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మిన వ్యవహారాన్ని బయటపెట్టి 25 మందిపై కేసులు పెట్టారు. ఆపరేషన్ నైటింగేల్ అని పేరు. ఆర్ఎన్‌లవే కాదు, ప్రాక్టికల్ నర్సుల డిప్లొమాలు కూడా అమ్మారు. ఆ కాగితాలతో పరీక్ష పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్ళను తర్వాత రాష్ట్రాల బోర్డులు ఒక్కొక్కరిగా వెతికి పట్టుకున్నాయి. "క్లాసుకు రానక్కర్లేదు, క్లినికల్స్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఆ నంబరు బ్లాక్ చేయండి. అసలు కోర్సులో క్లాసు గంటల కంటే క్లినికల్ గంటలే, అంటే పేషెంట్ల దగ్గర నేర్చుకునే గంటలే ఎక్కువ.

చేరేముందు చాలా స్కూళ్ళు టీస్ గాని హెసీ గాని ఎంట్రన్స్ పెడతాయి. లెక్కలు మన ఎనిమిదో తరగతి స్థాయి, భయం అక్కర్లేదు. ఇంగ్లీషు పాసేజీలు మాత్రం ప్రాక్టీసు చేయాలి. తర్వాత టీకాల కాగితాలు అడుగుతారు: హెపటైటిస్ బి, ఎంఎంఆర్, చికెన్ పాక్స్, టీడాప్. ఇక టీబీ పరీక్ష. ఇక్కడ మనవాళ్ళందరికీ ఒకటే తలనొప్పి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మచ్చ భుజం మీద ఉంటుంది కదా, దానివల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్‌గా రావచ్చు. వస్తే ఎక్స్‌రేలు, తిరుగుళ్ళు. మొదటే "నాకు బీసీజీ వేశారు, బ్లడ్ టెస్ట్ రాయండి" అని అడగండి. బీసీజీ వల్ల ఆ రక్తపరీక్షలో తప్పుడు పాజిటివ్ రాదు. నేను తెలియక చేయి చూపించి, రెండు వారాలు పోగొట్టుకున్నాను.

కోర్సు పూర్తయ్యాక మూడు పనులు దాదాపు ఒకేసారి నడుస్తాయి. బోర్డుకు అప్లికేషన్, ఐడెంటోగోలో వేలిముద్రలు, పరీక్ష జరిపే పియర్సన్ వ్యూలో ఎన్‌క్లెక్స్ పీఎన్‌కు (ఎల్వీఎన్‌లు రాసే ఎన్‌క్లెక్స్) 200 డాలర్ల రిజిస్ట్రేషన్. వీటితోపాటు టెక్సస్‌కు ప్రత్యేకంగా జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష ఉంటుంది, నర్సింగ్ చట్టం గురించి. ఆన్‌లైన్, పుస్తకం చూసి రాయొచ్చు, 50 ప్రశ్నలు, రెండు గంటలు, 75 శాతం రావాలి. పుస్తకం చూసి రాసేదే కదా అని అందరూ దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఆ చట్టం కాగితాలు దాచుకోండి, తర్వాత దేనికి పనికొచ్చిందో కింద చెప్తాను. ఎప్పుడైనా ఏదైనా పోలీసు కేసు ఉంటే, కొట్టేసిన కేసైనా సరే, కోర్సులో చేరకముందే డిక్లరేటరీ ఆర్డర్‌కు బోర్డుకు అర్జీ పెట్టి అర్హత తేల్చుకోవచ్చు. ఏడాది ఫీజులు కట్టాక తెలుసుకోవడం కంటే అది నయం.

పేరు. దీన్ని నేను ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది తెలుగువాళ్ళకే వచ్చే జబ్బు. ఇంటిపేరు ముందా వెనకా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు, వీసాలో ఒక్కోసారి మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ, అంటే "మొదటి పేరు తెలియదు" అని. పరీక్షకు వచ్చే ఏటీటీ (అనుమతి పత్రం) మీద పేరు, మీరు చూపించే ఐడీ మీద పేరు కలవకపోతే లోపలికి రానివ్వరు, ఫీజు పోతుంది. నాతో చదివిన ఒక నెల్లూరమ్మాయిని సరిగ్గా అలాగే వెనక్కి పంపారు. పాపం, తెల్లవారుజామున మూడింటికి లేచి పెరుగన్నం తిని వచ్చింది. అప్లికేషన్ పెట్టే రోజున పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు రెండూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని, వాటిలో అక్షరం ఎలా ఉంటే అలా టైపు చేయండి.

పరీక్ష హాల్లో అరచేతి నరాలు స్కాన్ చేస్తారు, జేబులు ఖాళీ చేయిస్తారు, రాసుకోవడానికి తుడిచే పలక ఒకటి ఇస్తారు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, సమయం ఐదు గంటలు. మీ జవాబులను బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్న ఇస్తుంది, తేలిపోయిందనుకున్నప్పుడు ఆగిపోతుంది. కనీసపు 85లో 18 ప్రశ్నలు కేస్ స్టడీలవి: ఒకే పేషెంటు, నర్సు నోట్సు, ల్యాబు రిపోర్టులు చూపించి వరసగా ఆరు ప్రశ్నలు. బట్టీ పట్టినవాళ్ళు ఇక్కడే తడబడతారు. ఎవరిని ముందు చూడాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పని నర్స్ ఎయిడ్‌కు అప్పజెప్పకూడదు అన్నదే అడుగుతారు. నాకు 85 దగ్గర తెర ఆగింది. ఫెయిలయ్యాననే అనుకుని పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. పాసైనవాళ్ళకూ, ఫెయిలైనవాళ్ళకూ 85 దగ్గరే ఆగొచ్చు, అందుకని ఆ అంకె చూసి ఏమీ ఊహించుకోకండి. ఫెయిలైతే 45 రోజుల తర్వాత మళ్ళీ రాయొచ్చు. అయితే టెక్సస్‌లో కోర్సు ముగిసిన నాలుగేళ్ళలోపు పాసవ్వాలి. పురిటికి ఇండియా వెళ్ళి, అత్తగారికి ఆపరేషన్ అని ఇంకో ఏడాది ఆగి, ఆ గడువు దాటబెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

లైసెన్స్ కాగితం ఇంటికి వస్తుందని ఎదురుచూడకండి, టెక్సస్ అవి పంపడం ఎప్పుడో మానేసింది. వెబ్‌సైట్‌లో మీ పేరు పక్కన నంబరు కనిపిస్తే అదే లైసెన్స్.

టెక్సస్ నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్‌లో ఉంది, అంటే ఒకరి నర్సింగ్ లైసెన్స్‌ను ఇంకొకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందంలో. టెక్సస్ నివాసిగా మల్టీస్టేట్ లైసెన్స్ వస్తే మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లో కూడా పనిచేయొచ్చు. దానికి సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి, మీకు ఈఏడీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీవారికి ప్రాజెక్టు మారి నార్త్ కరోలినాకో జార్జియాకో వెళ్ళారనుకోండి, అవి కూడా కాంపాక్ట్‌వే, కాని 60 రోజుల్లోపు అక్కడ లైసెన్స్‌కు అప్లై చేయాలి. 2024 జనవరి నుంచి ఆ నిబంధన ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ కాంపాక్ట్‌లో లేవు, అక్కడికి వెళ్తే కొత్తగా తెచ్చుకోవాల్సిందే. ఐటీవాళ్ళ ఇళ్ళల్లో రెండేళ్ళకోసారి సామాన్లు సర్దడమే కదా, అందుకని చెప్తున్నాను. ఇంకో మాట, లైసెన్స్ ఉన్నంత మాత్రాన పనిచేసే హక్కు వచ్చినట్టు కాదు. ఈఏడీ గడువు వేరు, లైసెన్స్ గడువు వేరు. రెండూ ఒకే క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

ఇక రెండో ఆవిడ భయపెట్టిన విషయం.

రెన్యువల్ రెండేళ్ళకోసారి, పుట్టిన నెల చివరి రోజున. సరి సంవత్సరంలో పుట్టినవాళ్ళకు సరి సంవత్సరంలో, బేసిలో పుట్టినవాళ్ళకు బేసిలో. అందువల్ల మొదటి లైసెన్స్ ఆరు నెలలే ఉండొచ్చు, 29 నెలలూ ఉండొచ్చు. ప్రతి రెండేళ్ళకు 20 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ (లైసెన్స్ వచ్చాక కూడా చేస్తూ ఉండాల్సిన కోర్సులు) కావాలి, పరీక్ష రాసి వచ్చినవాళ్ళకు మొదటి రెన్యువల్‌కు ఆ 20 గంటల లెక్క ఉండదు. పెద్దవయసువాళ్ళను చూసేవాళ్ళకు అందులో రెండు గంటలు జెరియాట్రిక్స్ మీద ఉండాలి. ఆరేళ్ళకోసారి రెండు గంటలు చట్టం, ఎథిక్స్ మీద. పేషెంట్లను నేరుగా చూసేవాళ్ళకు మానవ అక్రమ రవాణా మీద ఒక కోర్సు కూడా పెట్టారు. సీపీఆర్ కార్డు, కొత్త ఉద్యోగంలో ఇచ్చే ఓరియెంటేషన్ ఈ గంటల్లోకి రావు, చాలామంది అవి కలుపుకుని ఆడిట్‌లో దొరికిపోతారు. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయమని అడగరు, చేశానని టిక్ పెడితే చాలు. ఎప్పుడో ఒకరోజు ఆడిట్ ఉత్తరం వస్తుంది, అప్పుడు చూపించాలి. ఫోన్లో ఒక ఫోల్డర్ పెట్టుకుని, కోర్సు అయిన నిమిషంలోనే అందులో వేసేయండి.

నేను ఇక్కడే ఒకసారి బోర్లాపడ్డాను. ఇల్లు మారాం, మెయిల్ ఐడీ కూడా మార్చాను, బోర్డుకు చెప్పలేదు. అడ్రసు మారితే పది రోజుల్లో చెప్పాలని నేను పాసైన ఆ జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్షలోనే ఉంది! నెల ముగిసింది, ఒకటో తారీఖు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాను. స్టాఫింగ్ చూసే ఆవిడ తలుపు దగ్గరే ఆపి, "నీ లైసెన్స్ డెలింక్వెంట్ అని చూపిస్తోంది, ఇంటికి వెళ్ళు" అంది. అంటే రెన్యువల్ గడువు దాటిపోయిందని. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. గడువు దాటాక ఒక్క షిఫ్టు చేసినా లైసెన్స్ లేకుండా నర్సింగ్ చేసినట్టే, గ్రేస్ పీరియడ్ అంటూ ఏదీ లేదు. లేటు ఫీజు కట్టి, నాలుగు రోజులు జీతం పోగొట్టుకుని బయటపడ్డాను. నర్సుల లైసెన్సుల వివరాలు ఉండే నర్సిస్ వెబ్‌సైట్‌లో ఈ-నోటిఫై అని ఉచితంగా ఉంది, గడువు దగ్గరపడితే మెసేజ్ పంపుతుంది. ఆ సాయంత్రమే నమోదు చేసుకున్నాను.

"చిన్న తప్పుకు పీకేస్తారు" అన్నది మాత్రం నిజం కాదు. మందు పొరపాటున ఆలస్యంగా ఇచ్చి, వెంటనే చెప్పి, రాసిపెట్టినందుకు లైసెన్స్ పోయినవాళ్ళను నేను చూడలేదు. పోగొట్టుకున్నవాళ్ళు మూడు దారుల్లో పోగొట్టుకున్నారు: చేయని పని చేసినట్టు రాయడం, మత్తు మందుల లెక్క తేడా, తాగి కారు నడపడం. మూడోది డ్యూటీలో జరిగింది కాదు కదా అనుకుంటారు. బోర్డు దగ్గర మీ వేలిముద్రలు ఉన్నాయి, శనివారం పార్టీ తర్వాత డీడబ్ల్యూఐ (తాగి నడిపిన కేసు) అయితే అది వాళ్ళ బల్ల మీదికి వస్తుంది.

రెండోది కళ్ళతో చూశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. నర్సింగ్ హోమ్‌లో షిఫ్టు మారేటప్పుడు నార్కోటిక్ కౌంట్, అంటే మత్తు మందుల లెక్క ఉంటుంది. వెళ్ళే నర్సు, వచ్చే నర్సు ఇద్దరూ మెడ్ కార్ట్ (మందుల బండి) దగ్గర నిలబడాలి. ఒకరు పుస్తకం చదువుతారు, ఒకరు డ్రాయర్లో కార్డులు (మాత్రలు గడుల్లో పెట్టిన అట్టలు) తీసి మాత్రలు లెక్కపెడతారు. సరిపోతే ఇద్దరూ సంతకం చేసి, తాళాలు చేతులు మారతాయి. చేరిన ఐదో నెల, రాత్రి ఏడు గంటలు. వెళ్ళే ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని ఉంది, "డే కేర్ మూసేస్తారు, తొందరగా కానివ్వు" అంటోంది. హైడ్రోకోడోన్ (మత్తు ఉండే నొప్పి మాత్ర) కార్డు, పుస్తకంలో 17, ముందు నుంచి చూస్తే 17 బుడగల్లోనూ మాత్రలున్నాయి. సరిపోయింది. ఎందుకో కార్డు వెనక్కి తిప్పాను. ఒక గడి వెనక రేకు చిరిగి, దానిమీద సన్నని టేపు అంటించి ఉంది. లోపల మాత్ర కూడా తెల్లదే, పొడుగుదే. కాని మిగతావాటి మీద ఉన్న అచ్చు దానిమీద లేదు. ఎవరో అసలు మాత్ర తీసుకుని టైలెనాల్ (మామూలు పారాసిటమాల్) పెట్టారు.

నేను సంతకం పెట్టలేదు. సూపర్‌వైజర్‌ను పిలిచాను. ఇంటికి వెళ్ళాల్సిన ఆ నర్సు గొణుక్కుంటూ గంటన్నర కూర్చుంది. నన్ను పనికిమాలిన అనుమానాలదానివని కూడా అంది. చివరికి తప్పు ఆవిడది కాదని, అంతకుముందు షిఫ్టుల్లో ఎవరిదో అని తేలింది. కాని నేను ఆ పూట సంతకం పెట్టి తాళాలు తీసుకుని ఉంటే, మర్నాడు పొద్దున ఆ టేపు కనిపించినప్పుడు పుస్తకంలో చివరి పేరు నాది. ఇప్పటికీ ప్రతి కార్డూ తిప్పి చూస్తాను. కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పుస్తకం చూసి రాసే పరీక్ష కాగితాలు దాచుకోమన్నాను కదా. అందులో సేఫ్ హార్బర్ అని ఒకటుంది, టెక్సస్ చట్టంలో నర్సుకు ఇచ్చిన రక్షణ. ఒక రాత్రి ఇద్దరు నర్సులు రాకపోతే నలభై మందిని మీ ఒక్కరికే అప్పజెప్పారనుకోండి, లేదా మీకు నేర్పని ఐవీ పని చేయమన్నారనుకోండి. అది పేషెంట్లకు ప్రమాదం అని మీకు అనిపిస్తే, పని ఒప్పుకునే ముందే సేఫ్ హార్బర్ అడిగి కాగితం మీద పెట్టాలి. అప్పుడు ఆ విషయం పీర్ రివ్యూకు (తోటి నర్సుల కమిటీ విచారణకు) వెళ్తుంది, అడిగినందుకు మీమీద పగ తీర్చుకోవడానికి వీల్లేదు. షిఫ్టు అయ్యాక గోల పెడితే అది వర్తించదు. నేను పన్నెండేళ్ళలో రెండుసార్లు వాడాను. రెండోసారి అడిగిన పదిహేను నిమిషాల్లో ఏజెన్సీ నుంచి ఇంకో నర్సును పిలిపించారు.

మీ అక్క సంగతి. జీఎన్ఎం చేసినవాళ్ళు ఎల్వీఎన్ కోసం దిగిరానక్కర్లేదు. సర్టిఫికెట్ల ఎవాల్యుయేషన్ (ఇక్కడి చదువుతో పోల్చి చూడటం) చేయించుకుని నేరుగా ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్‌కు ప్రయత్నించాలి, ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఆలస్యం జరిగేది పరీక్ష దగ్గర కాదు, చదివిన స్కూలు నుంచి, రిజిస్ట్రేషన్ ఉన్న కౌన్సిల్ నుంచి కాగితాలు నేరుగా పంపించే దగ్గర. ఆ పని ముందు మొదలుపెట్టమనండి.

మీరైతే ఈ వారం ఒక పని చేయండి. మీ పదో తరగతి, ఇంటర్ మెమోలు గుంటూరు ఇంట్లోనే బీరువాలో ఉండి ఉంటాయి. మీ నాన్నగారికి ఫోన్ చేసి అసలువి కొరియర్ చేయించండి. అవి వచ్చి, ఎవాల్యుయేషన్ పూర్తయి, స్కూలు చేతికి వెళ్ళేసరికే వారాలు పడుతుంది. అడ్మిషన్ల గడువేమో మీకోసం ఆగదు. పంపేముందు మెమోల్లో పేరు ఎలా ఉందో ఫోటో తీసి పంపమనండి.